ఊఁ కొట్టారా?

రెండేళ్ళ కింద మా తమ్ముడికి ఓ మెసేజి పెట్టాను. వాడు డాలస్‌లో ఉంటాడు, అమ్మా నేనూ తెనాలిలో. "అమ్మకి కాళ్ళు నొప్పి ఎక్కువైంది, డాక్టరుకి చూపించాలి" అన్నది సంగతి. అప్పట్లో నేనూ అందరిలాగే ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టేవాణ్ణి. వాడు మీటింగులో ఉండి, బొటనవేలి బొమ్మ ఒకటి పంపి ఊరుకున్నాడు. చూశాడు కదా అని నేనూ ఊరుకున్నాను. మూడోరోజు పొద్దున్నే విజయవాడ నుంచి ఫోను. "పేషెంటుని ఎన్నింటికి తీసుకొస్తున్నారు సార్? కంట్లో చుక్కలు వేశాక కాసేపు కూర్చోవాల్సి ఉంటుంది." మావాడు అక్కణ్ణుంచే కంటాసుపత్రిలో అపాయింట్‌మెంటు తీసుకుని డబ్బు కూడా కట్టేశాడు. అమ్మ విని, "నా కళ్ళకేం? సీరియల్లో ఎవరు ఏ చీర కట్టారో అంచుతో సహా చెప్తాను. పట్టేసింది మోకాళ్ళురా" అంది.

ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే కళ్ళు, కాళ్ళు, కల్లు మూడూ ఒకటే. వాడు మూడోది అనుకోలేదు, అదే సంతోషం.

తప్పంతా అక్షరాలదేనని చాలా రోజులు అనుకున్నాను. ఆ రోజు నుంచే తెలుగులోనే రాయడం మొదలుపెట్టాను కూడా. (రాయడం కష్టమనేవాళ్ళకి ఓ మాట. కీబోర్డులో మైకు నొక్కి మాట్లాడితే ఫోనే తెలుగులో రాసిపెడుతుంది. మన లిపిని తక్కువ చేయకండి. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే ఒక్క అక్షరం మెసేజిలో వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలిపోయేవి. ఆపిల్ వాళ్ళు కొద్దిరోజుల్లోనే హడావిడిగా కొత్త అప్‌డేట్ వదలాల్సి వచ్చింది.) కానీ తర్వాత ఆలోచిస్తే, అసలు తిరకాసు అక్షరాల్లో లేదు, ఆ బొటనవేలిలో ఉంది. దాన్ని నేను 'అర్థమైంది, మాట్లాడదాం' అనుకున్నాను. వాడి లెక్కలో అది 'నువ్వు వదిలెయ్, నేను చూసుకుంటా'. బొమ్మ ఒకటే, అర్థాలు రెండు, మధ్యలో కంటి డాక్టరు.

చిన్నప్పుడు అమ్మమ్మ కథ చెప్పాలంటే ఓ షరతు ఉండేది. ఊఁ కొట్టాలి. ఊఁ ఆగితే కథా ఆగేది. పెద్దయ్యాక కూడా మన మాటలన్నీ ఆ ఊఁల మీదే నడుస్తాయి, గమనించం గానీ. పైగా తెలుగులో ఊఁ ఒక్కటి కాదు. సాగదీస్తే 'తర్వాత?', పైకి లేపితే 'ఏంటీ?', ముక్తసరిగా విసిరితే 'ఇక చాల్లే', తల అడ్డంగా తిప్పుతూ అంటే ఊహూఁ. ఎదురుగా ఉన్నవాడి ఊఁ విని మన మాటని అక్కడికక్కడే దిద్దుకుంటాం. వాడికి ఎక్కలేదనిపిస్తే మళ్ళీ చెప్తాం, నొచ్చుకున్నాడనిపిస్తే మెత్తబడతాం.

ఉత్తరాల కాలంలోనూ ఊఁ ఉండేది. ఉభయకుశలోపరి అయ్యాక పెద్దవాళ్ళు తప్పకుండా రాసే వాక్యం ఒకటుండేది, 'మీరు రాసిన ఉత్తరం చేరినది, సంగతులు తెలిసినవి' అని. చేరింది కాబట్టేగా జవాబు రాస్తున్నారు, మళ్ళీ అదెందుకని మేం నవ్వుకునేవాళ్ళం. ఇప్పుడు తెలుస్తోంది, అందింది అని వేరే, తెలిసింది అని వేరే, రెండు ముక్కలూ విడివిడిగా ఎందుకు రాశారో. 2013 జులైలో టెలిగ్రాం సేవ మూసేశారు. అందులో మాటకింత అని డబ్బు కట్టాలి కాబట్టి ప్రతి మాటా తూచి పంపేవాళ్ళం. ఇప్పుడు పంపడానికి ఖర్చు లేదు. రోజుకి రెండొందల మెసేజిలు వస్తాయి, రెండొందలు పోతాయి. కరువైంది ఊఁ ఒక్కటే.

వాట్సాప్ 2014 నవంబరులో నీలం టిక్కులు తెచ్చింది. అప్పుడు జనం ఎంత గోల చేశారంటే కొద్దిరోజులకే వాటిని ఆపేసుకునే వీలు కూడా ఇవ్వాల్సి వచ్చింది. (ఆ వీలు విడి చాటింగులకే. గ్రూపుల్లో టిక్కులు దాగవు, వాయిస్ విన్నారా లేదా అన్నదీ దాగదు.) ఆ నీలం టిక్కుని మనం ఊఁ అనుకోవడం మొదలుపెట్టాం, చిక్కంతా అక్కడుంది. నీలం టిక్కు చెప్పేది ఒక్కటే, తెర మీద మెసేజి తెరుచుకుంది అని. చదివినట్టు కాదు, చదివినా అర్థమైనట్టు కాదు, అర్థమైనా ఒప్పుకున్నట్టు కాదు. "రెండు నీలం గీతలు పడ్డాయి, అయినా పలకలేదు, ఎంత పొగరు" అని అన్నదమ్ములు మాటలు మానుకున్న ఇళ్ళు నాకు తెలుసు. పాపం ఆయన మెట్లు ఎక్కుతూ తెరిచి ఉంటాడు.

వ్యాపారంలో ఇది ఎంతదాకా పోతుందో చూడండి. కెనడాలోని సస్కాచెవాన్‌లో 2021 మార్చిలో ఒక ధాన్యం కంపెనీ కొనుగోలుదారు, 86 టన్నుల అవిసె గింజల ఒప్పందాన్ని ఫొటో తీసి ఒక రైతు ఫోనుకి పంపాడు, ఖరారు చేయమని రాశాడు. రైతు బొటనవేలి బొమ్మ పంపాడు. సరుకు ఇవ్వాల్సిన నవంబరు వచ్చేసరికి ధర బాగా పెరిగిపోయింది, గింజలు రాలేదు. కాగితం అందిందని చెప్పానేగానీ ఒప్పుకున్నానని కాదని రైతు వాదన. అంతకుముందు ఇద్దరి మధ్యా ఇలాగే ఫోనులో ఒకటి రెండు ముక్కల జవాబులతో బేరాలు ఖరారై సరుకు చేరిందని కంపెనీ వాదన. 2023 జూన్‌లో కోర్టు ఆ బొమ్మని సంతకం కిందే లెక్కగట్టి, దాదాపు 82,000 కెనడా డాలర్లు కట్టమంది. 2024 డిసెంబరులో పైకోర్టు కూడా అదే నిలబెట్టింది. మన దేశంలో కథ ఇంకో వైపు నుంచి ఉంది. హాజరు కమ్మనే నోటీసుని పోలీసులు వాట్సాప్‌లో పంపితే సరిపోదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఒకచోట బొమ్మ సంతకమైంది, ఒకచోట మెసేజి నోటీసు కాలేకపోయింది. చట్టాలే ఇంకా తేల్చుకుంటున్న విషయాన్ని మనం రోజుకి వందసార్లు బొటనవేలితో తేల్చేస్తున్నాం.

నేను చిన్న వ్యాపారులకి మాటతీరు మీద తరగతులు చెబుతుంటాను. అక్కడ నేను చెప్పింది తక్కువ, నేర్చుకున్నది ఎక్కువ. ఎక్కువ నేర్పింది మాకు వదిన వరసయ్యే ఒకావిడ. మంగళగిరిలో ఇంట్లోంచే చేనేత చీరలు అమ్ముతుంది. కోవిడ్ రోజుల్లో బేరాలు పడిపోతే వాట్సాప్ బిజినెస్ యాప్ పెట్టుకుంది. మొదట్లో అందరిలాగే పది ఫొటోలు పెట్టేది, కింద 'నచ్చితే స్క్రీన్‌షాట్ పంపండి' అని. రాత్రి పదకొండింటికి ఎవరో "ఆంటీ, ఆ గ్రీన్ ఉందా" అని అడిగేవాళ్ళు. ఆవిడ దగ్గర అప్పటికి చిలకపచ్చ, రామా గ్రీన్, బాటిల్ గ్రీన్, నాచు రంగు ఉన్నాయి. ఈవిడ రామా గ్రీన్ అనుకుని ఉందనేది. అవతల బొటనవేలు. ఇంకేం, ప్యాక్ చేసి పంపేది. ఐదోరోజున "ఇది కాదండీ నేను అడిగింది" అని ఫొటో, వెనకాలే డబ్బు వాపసు గొడవ. 'నో రిటర్న్, అన్‌బాక్సింగ్ వీడియో తప్పనిసరి' అని పెద్దక్షరాల్లో పెట్టింది గానీ, దానివల్ల గొడవలు తగ్గలేదు, బేరాలు తగ్గాయి.

తర్వాత ఆవిడ చేసిన మార్పు చాలా చిన్నది. ప్రతి చీర మడత మీదా తెల్ల చీటీ పెట్టి, దాని మీద నంబరు రాసి, వాకిట్లో పగటి వెలుతురులో ఫొటో తీయడం మొదలుపెట్టింది. ఎవరైనా అడిగితే ఆవిడ జవాబు ఇలా ఉంటుంది: "14వ నంబరు అడిగారండీ. చిలకపచ్చ, నిజాం అంచు, బ్లౌజు చీరలోనే ఉంది. కొరియర్ ఖర్చు వేరే. బుధవారం పంపిస్తాను. ఇదే కదండీ?" అవతలివాళ్ళు అవును అని అక్షరాల్లో రాస్తేనే ప్యాకింగు. బొమ్మ పంపితే మళ్ళీ అడుగుతుంది, "అవునా కాదా ఒక్క మాట రాయండమ్మా, నాకు బొమ్మలు అర్థం కావు" అని. ఆ చివరి ముక్క అబద్ధం. బొమ్మలన్నీ ఆవిడకి నాకన్నా బాగా తెలుసు. కానీ ఆ చిన్న అబద్ధంతో ఎవరికీ కోపం రాకుండా ఊఁ రాబడుతుంది.

ఆ జవాబులో ఏముందో విడదీసి చూడండి. అడిగిన మాటనే తిరిగి చెప్పింది. ఎప్పుడు అవుతుందో చెప్పింది. చివర ఒక ప్రశ్న వదిలింది, అవతలివాళ్ళు ఊఁ కొట్టడానికి చోటు. మీరు చీరలు అమ్మినా, ఇల్లు అద్దెకిచ్చినా, ఆఫీసులో బిల్లు పాస్ చేయించుకోవాలన్నా ఇదే వరస. ఇది అలవాటయ్యేదాకా మెసేజి చివర ప్రశ్న గుర్తు ఉందా లేదా అని పంపేముందు ఒకసారి చూసుకోండి, చాలు.

డబ్బు దగ్గర మాత్రం అవతలివాళ్ళ ఊఁని కూడా నమ్మొద్దు. 'పంపేశానండీ' అని వచ్చిన పేమెంటు స్క్రీన్‌షాట్ చూసి సరుకు పంపేవాళ్ళు మోసపోతున్నారు. అలాంటి బొమ్మలు తయారుచేసే యాప్‌లే ఉన్నాయి. బ్యాంకు ఖాతాలో పడిందా లేదా, అదొక్కటే చూడాలి. మోసం జరిగిపోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయండి.

ఇంకో సంగతి చాలామంది వ్యాపారులకి తెలియదు. బ్రాడ్‌కాస్ట్ జాబితాలో పెట్టి పంపిన మెసేజి, మీ నంబరు తమ ఫోనులో సేవ్ చేసుకున్నవాళ్ళకే చేరుతుంది. జాబితాలో 256 మంది ఉన్నా, సేవ్ చేసుకున్నది 60 మందైతే మీ మాట విన్నది ఆ 60 మందే. అందుకే మా వదిన ప్రతి పార్సెల్లోనూ ఒక చీటీ పెడుతుంది, ఈ నంబరు ఫలానా పేరుతో సేవ్ చేసుకోండమ్మా అని. పండగ ముందు వందలమందికి పంపి ఒక్కరూ పలకలేదని బాధపడే కొట్లవాళ్ళు ముందు ఈ లెక్క చూసుకోవాలి.

ఇక ఆటోమేటిక్ జవాబులు. 'మమ్మల్ని సంప్రదించినందుకు ధన్యవాదాలు, మా ప్రతినిధి త్వరలో మీతో మాట్లాడతారు' అని టక్కున వచ్చి పడుతుంది. ఆ ప్రతినిధి ఎప్పటికీ రాడు. ఇది ఊఁ కాదు, గోడకి తగిలి తిరిగొచ్చిన మన గొంతే. 2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాట్సాప్‌లోనే 161 సేవలతో 'మన మిత్ర' మొదలుపెట్టాక, ప్రభుత్వానికే హాయ్ కొట్టి పని అడగడం జనానికి అలవాటవుతోంది. అంత పెద్ద యంత్రాంగమే వెంటనే పలుకుతుంటే, వీధి చివర టైలరు రేపటిదాకా పలకకపోతే ఒప్పుకోరు. అలాగని టైలరు రాత్రంతా ఫోను పట్టుకుని కూర్చోనక్కర్లేదు. ఆటో జవాబులో నిజం రాస్తే చాలు: "కొట్టు రాత్రి 8కి కట్టేస్తామండీ. పొద్దున 10 తర్వాత నేనే చూసి చెప్తాను. అర్జెంటైతే ఫోను చేయండి." యంత్రం పంపినా, అందులో ఒక మనిషి ఉన్నాడు.

ఆఫీసుల్లో వచ్చేది దీనికి తిరగబడ్డ చిక్కు. రాత్రి పదింటికి పైఅధికారి 'దీన్ని చూడండి' అని ఒక ఫైలు పడేస్తాడు. చూస్తే జవాబు చెప్పాలి, చూడకపోతే నిద్ర పట్టదు. నేను ఉద్యోగం చేసిన రోజుల్లో నాపైన ఒకాయన ఉండేవాడు, భోజనం చేస్తూ ఫైళ్ళు పంపేవాడు. ఆయనకి గుర్తొచ్చినప్పుడు పంపేసి హాయిగా పడుకునేవాడు, మేం ఆరుగురం మేలుకునేవాళ్ళం. మీరు పైవాళ్ళయితే ఒక్క ముక్క కలపండి, 'రేపు మధ్యాహ్నానికి చూస్తే చాలు' అని. కిందివాళ్ళయితే 'చూశానండీ, రేపు 11 లోపు చెప్తాను' అని రాసి ఫోను బోర్లా పెట్టేయండి. ఊఁ కొట్టడమంటే ఇదీ. పని చేసేయడం కాదు, మాట అందిందనీ ఎప్పటికి తేలుతుందనీ చెప్పడం. చాలామంది జవాబు పూర్తిగా తయారయ్యాక చెబుదామని ఆగి, ఆ ఆగడంతోనే చెడ్డపేరు తెచ్చుకుంటారు.

గ్రూపుల సంగతి వేరే. 2022 నుంచి వాట్సాప్ గ్రూపులో 1,024 మంది దాకా ఉండొచ్చు. కథ వినడానికి వెయ్యిమంది కూర్చుంటే ఊఁ ఎవరు కొడతారు? పక్కవాడు కొడతాడులే అని అందరూ ఊరుకుంటారు. మా అపార్ట్‌మెంటులో ఒక రాత్రి పైట్యాంకు పొర్లిపోతోంది. ఎవరో "మోటారు ఎవరైనా ఆపండి ప్లీజ్" అని గ్రూపులో పెట్టారు. మర్నాడు చూస్తే ఆ మెసేజి చూసినవాళ్ళు 31 మంది. దండం బొమ్మలు పెట్టినవాళ్ళు ముగ్గురు. మెట్ల మీద నీళ్ళు మూడో అంతస్తుకి వచ్చాక వాచ్‌మన్ భార్య లేచి ఆపింది. ఆవిడ గ్రూపులో లేదు. గ్రూపులో పని అడగాలంటే పేరు పెట్టి అడగండి, "మూర్తిగారూ, మీరు కిందే ఉన్నారు కదా, మోటారు ఆపుతారా?" అని. పేరు పెట్టి పిలిస్తే పలకనివాడు తక్కువ.

మీరు, నువ్వు అన్న తేడా కూడా తెర మీద ముదిరి కనిపిస్తుంది. ఎదురుగా నవ్వుతూ "పంపు" అంటే చెల్లిపోతుంది, అక్షరాల్లో అదే మాట కొట్టినట్టుంటుంది. అయితే ఇందులో ఒకటే కొలబద్ద పెట్టకండి. హైదరాబాదులో డెలివరీ కుర్రాడు "అన్నా, లొకేషన్ పెట్టు" అంటే అందులో ఆప్యాయతే ఉంది. అదే మాట గుంటూరులో పెద్దాయనకి వెళితే "వీడెవడు నన్ను ఏకవచనంలో" అంటాడు. కొట్లో కుర్రాళ్ళ చేత జవాబులు రాయించే యజమానులకి నేనిచ్చే సలహా ఒకటే, అనుమానమొస్తే చివర 'అండీ' తగిలించమనండి. ఆ రెండక్షరాలకి డేటా ఖర్చు కాదు.

బహిరంగంగా తిట్టినప్పుడు ఏం చేయాలని తరగతిలో తప్పకుండా అడుగుతారు. ఒక టిఫిన్ సెంటరు మీద ఎవరో గూగుల్‌లో 'సాంబారు చల్లగా ఉంది' అని రాస్తే, యజమాని ఉక్రోషం పట్టలేక 'మీ ఇంట్లో పొయ్యి మీద కూర్చుని తాగండి' అని జవాబిచ్చాడు. దాని స్క్రీన్‌షాట్ ఊరంతా తిరిగింది. సాంబారు సంగతి అందరూ మర్చిపోయారు, జవాబు మాత్రం మిగిలింది. ఆ జవాబు చదివేది తిట్టినాయన ఒక్కడే కాదు, రేపు మన కొట్టుకి రాబోయేవాళ్ళంతా. అక్కడ ఊఁ మాత్రం కొట్టండి, "చల్లారిన మాట నిజమేనండీ, ఒకసారి ఫోను చేస్తారా" అని. మిగతాది ఫోనులో.

కొన్నిటికి మాత్రం తెర మీది ఊఁ ఎప్పటికీ చాలదు. మన దగ్గర పెళ్ళికి పిలవడమంటే ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవడం. మా పెద్దమ్మాయి పెళ్ళికి తీరిక లేక దూరపువాళ్ళందరికీ శుభలేఖ పీడీఎఫ్ చేసి పంపాను. మా మేనమామ పక్క ఊళ్ళోనే ఉంటాడు, పొరపాటున ఆయన పేరు కూడా ఆ జాబితాలోకి వెళ్ళింది. పెళ్ళికి రాలేదు. ముహూర్తం వేళకి అక్షింతలు రాలే బొమ్మ ఒకటి పంపాడు. తర్వాత వెళ్ళి అడిగితే, "పీడీఎఫ్‌తో పిలిచావు, పీడీఎఫ్‌గానే వచ్చాను" అన్నాడు. ఇప్పుడు నా పద్ధతి ముందు ఫోను, తర్వాత శుభలేఖ. ఫోను కూడా కుదరనంత దూరమైతే, వాళ్ళ పేరు పెట్టి పిలుస్తూ అరనిమిషం వాయిస్ పంపుతాను. చావు కబురుకైతే అది కూడా చేయను, వెళ్తాను. గ్రూపులో వరసగా పడే ఓం శాంతిల మధ్య ఎవరో పుట్టినరోజు శుభాకాంక్షలు పెట్టడం నేను రెండుసార్లు చూశాను.

వాయిస్ మెసేజిల మీద చాలామందికి విసుగు, అందులో నేనూ ఒకణ్ణి. నాలుగు నిమిషాలు మాట్లాడి అసలు సంగతి చివర చెప్పేవాళ్ళకి ఒక దండం. ఆఫీసు పనికి వాయిస్ వద్దు. పంపినా మొదటి మాటలోనే విషయం చెప్పేయండి. కానీ అక్షరాలు కూడబలుక్కోవాల్సిన పెద్దవాళ్ళకి వాయిస్ వచ్చాక ప్రాణం లేచొచ్చింది, ఎందుకంటే అందులో గొంతు ఉంది.

ఇప్పుడు మా ఇంట్లో ఇక్కడ పొద్దున ఏడు, డాలస్‌లో రాత్రి ఎనిమిదిన్నర. అమ్మ మోకాళ్ళ మీద వేడినీళ్ళ సంచి పెట్టుకుని మంచం మీద కూర్చుంటుంది. తమ్ముడి కొడుక్కి ఆరేళ్ళు. వాడికి ఏడు చేపల కథ వాయిస్ మెసేజిల్లో చెబుతుంది, ఒక్కొక్క చేపకి ఒక్కొక్క మెసేజి. వీడియోకాల్ చేయొచ్చు కదా అంటే, అందులో వాడు బొమ్మలు చూస్తాడేగానీ కథ వినడంటుంది. ఒక మెసేజి పంపి ఫోను ఒళ్ళో పెట్టుకుంటుంది. నీలం రంగు పడుతుంది, ఆవిడ కదలదు. అటునుంచి ఒక్క క్షణం వాయిస్ వస్తుంది, "ఊఁ" అని. అప్పుడు రెండో చేప ఎండుతుంది.